పాత పేటలు - క్రొత్త వీధులు



పట్టణములలో పుట్టు తగవులన్నిటిలోను వీధి తగవు మిక్కిలి కఠినమైనది. ఒకనాటి యుదయమున కొలతగాండ్రు వచ్చి యిండ్ల గోడలపై ఎఱ్ఱని గుర్తులు పెట్టి పోవుదురు. గుర్తు పడిన యింటివాడు గుండె జారి యరుగుమీద కూలబడును. గుర్తు తప్పిన యింటివాడు లోలోపల సంతసించి పైకి సానుభూతి పలుకును. మఱునాడు పేటలోని పెద్దలు నలుగురు కూడి యర్జీ వ్రాసికొని కచేరీకి పోవుదురు. "బండ్లు తిరుగవలదా? మురుగు పాఱవలదా? రోగములు పోవలదా?" అని యధికారి యడుగును. "మేమెక్కడికి పోవలెను?" అని యింటివారడుగుదురు. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. రెండును న్యాయమైనవగుట చేతనే యీ తగవు సులభముగా తెగదు.

ఈ తగవు నిన్న మొన్న పుట్టినది కాదు. నూఱేండ్లకు పూర్వము, ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున, ఒక స్కాట్లండు దేశపు పండితుడు మన దేశమునకు వచ్చి, పట్టణము పట్టణము తిరిగి, సందు సందు నడచి, ఈ తగవునకొక తీర్పు చెప్పెను. ఆయన పేరు పాట్రిక్ గెడిసు. ఆయన చెప్పిన తీర్పేమి, దానికి కారణములేవి, దానివలన మనము నేర్వదగినదేమి యను విషయమును మీకు మనవి చేసెదను.

ముందుగా నాటి స్థితిని కొంత తెలిసికొనవలయును. 1896వ సంవత్సరమున బొంబాయి నగరమున ప్లేగు వ్యాధి పొడసూపెను. అచటినుండి దేశమంతటను వ్యాపించి, పాతికేండ్ల లోపల కోటిమందికి దగ్గఱగా జనులను పొట్టబెట్టుకొనెను. రోగము ఎలుకలపై నుండు గోమారుల వలన వచ్చునను సంగతి తొలుత నెవరికిని స్పష్టముగా తెలియదు. ఇఱుకు సందులలో, గాలి వెలుతురులు లేని గదులలో జనులు చచ్చుచున్నారని మాత్రము కనబడుచుండెను. కాబట్టి యధికారులు సందులపై పగబట్టిరి. ఇండ్లలో దూరి సోదాలు చేసిరి, సామానులు తగులబెట్టిరి, రోగులను బలవంతముగా తరలించిరి. జనులకు రోగముకంటె రోగనివారణమే భయంకరమయ్యెను. 1897లో పూనా నగరమున ప్లేగు నివారణాధికారియైన రాండు దొర హత్యకు గురియగుట యీ కోపతాపముల ఫలమే.

1898లో బొంబాయి నగరమును బాగుచేయుటకై యొక ప్రత్యేక సంస్థను ఏర్పఱచిరి. దానికి ఇంప్రూవుమెంటు ట్రస్టు అని పేరు. కలకత్తాకు ఇట్టి చట్టము 1911లో వచ్చెను. 1908 నాటి మూసీ వఱద పిమ్మట హైదరాబాదులో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఈ సంస్థలు చేసిన మేలు తక్కువది కాదు. విశాలమైన రాచబాటలు వేసిరి, మురుగుకాల్వలు కట్టిరి, చిత్తడి నేలలను పూడ్చి క్రొత్త పేటలు కల్పించిరి. కాని యొక లోపము వారి పనిలో వెన్నంటియే యుండెను. బొంబాయిలో ఇరువదియేండ్ల లెక్కలు చూచినచో ట్రస్టువారు కట్టిన గదులకంటె కూల్చిన గదులే యెక్కువగా తేలినవి. ఇల్లు పోయిన కూలివాడు ఊరు విడిచి పోలేడు. పని యూరిలోనే కదా! కాబట్టి ప్రక్కసందులో ఐదుగురున్న గదిలోనికి తానొక ఐదుగురితో పోయి చేరును. ఒక సందులో నిఱుకు తగ్గెను, ప్రక్కసందులో రెట్టింపయ్యెను. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక యూడినదన్న సామెత యిచట నక్షరాల నిజమయ్యెను.

ఇట్లు తిన్నని గీత గీసి, ఆ గీతకడ్డమైన దానినెల్ల కూల్చు పద్ధతికి నాడు ప్రపంచమున నాదర్శమైనది పారిసు నగరము. 1853 మొదలు 1870 వఱకు ఓస్మాను అను నధికారి, మూడవ నెపోలియను చక్రవర్తి యండతో, ఆ నగరపు పాత పేటలను చీల్చి విశాలమైన వీధులు వేసెను. అవి చూచుటకు మిక్కిలి సుందరములు. అచట పూర్వము కాపురమున్న పేదలు మాత్రము నగరపు పొలిమేరలకు తొలగిపోయిరి. ఆ సొగసును చూచిన ఇంజనీర్లు లోకమంతటను తమ పటములపై నట్టి తిన్నని గీతలే గీయసాగిరి.

ఇక గెడిసు పండితుని సంగతి. ఆయన 1854లో స్కాట్లండులోని బాలటరు అను నూర జన్మించెను. చదివినది ప్రకృతిశాస్త్రము. యౌవనమున 1879లో మెక్సికో దేశమునకు పోయినప్పుడు కన్నులకు జబ్బు చేసి కొంతకాలము చూపు పోయెను. చూపు తిరిగి వచ్చినను సూక్ష్మదర్శినిలో గంటల కొలది చూచు పనికి ఆ కన్నులు పనికిరావయ్యెను. చిన్న పురుగులను చూడలేని వాడు పెద్ద పట్టణములను చూచుట నేర్చెను. ప్రకృతిశాస్త్రమున నేర్చిన పాఠమును మాత్రము మఱవలేదు. ప్రాణికిని, అది యుండు చోటునకును, అది చేయు పనికిని విడదీయరాని సంబంధము కలదనునదే యా పాఠము. చీమలపుట్టను త్రవ్వి చక్కని చదరపు పెట్టెలో పోసినచో చీమలకు సుఖమగునా?

1886లో ఆయనకు వివాహమయ్యెను. భార్య పేరు అన్నా. కొలది కాలమునకే యా దంపతులు ఎడింబరో నగరమున సుఖమైన పేట విడిచి, దరిద్రమునకును మురికికిని పేరుపడిన జేమ్సు కోర్టు అను పాతపేటకు కాపురము పోయిరి. ప్రక్కవారిని పిలిచి, కూడ నిలిచి, గోడలకు సున్నము కొట్టించిరి. కిటికీలలో పూలమొక్కలు పెట్టించిరి. చెత్త గుట్టలున్న చోట్ల చిన్న తోటలు వేయించిరి. కూలిపోవ సిద్ధముగా నున్న యిండ్లను తీసివేయించి, బాగుపడదగిన యిండ్లను బాగుచేయించిరి. ఊరిని బాగుచేయ దలచినవాడు ఆ యూరిలో కాపురముండి చూడవలెనని యాయన తొలుత తన యింటినుండియే నేర్చెను.

మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు 1914లో ఆయనను మన దేశమునకు పిలిపించెను. ప్రపంచమునందలి నగరముల పటములతోను చిత్రములతోను గెడిసు ఒక పెద్ద ప్రదర్శనమును సిద్ధపఱచియుండెను. దానిని ఓడపై నెక్కించి పంపిరి. ఆ సంవత్సరమే మొదటి మహాయుద్ధము పుట్టినది. సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మద్రాసుపై గుండ్లు ప్రేల్చి చమురు తొట్లను తగులబెట్టిన ఎమ్డెను ఓడ కథను మీలో పెక్కురు పూర్వులనోట వినియేయుందురు. ఆ జర్మను ఓడయే అక్టోబరు నెలలో గెడిసు ప్రదర్శనమున్న క్లాన్ గ్రాంటు అను ఓడనుగూడ సముద్రమున ముంచెను. ఎన్నో యేండ్ల శ్రమ నీటిపాలయ్యెను. అయినను ఆయన దిగులుపడి కూర్చుండలేదు. స్వదేశమునందలి మిత్రులు మఱల పటములు సేకరించి పంపగా 1915 జనవరిలో మద్రాసునందు ప్రదర్శనము జరిగెను. పిమ్మట గవర్నరు కోరికపై రాజధానిలోని పట్టణములను చూచి నివేదికలు వ్రాయ మొదలిడెను.

వానిలో తంజావూరు ముఖ్యమైనది. తంజావూరన్నంతనే తెలుగువాని హృదయము పులకించును. 1532 మొదలు 1673 వఱకు దానినేలిన నాయకరాజుల కొలువులో తెలుగే రాజభాష వలె వెలిగెను. రఘునాథ నాయకుడు స్వయముగా కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసమును రచించినది ఆయన యాస్థానమందే. తరువాత వచ్చిన మహారాష్ట్ర రాజులును తెలుగు నాదరించిరి. సరస్వతీ మహలు గ్రంథాలయమున నేటికిని తెలుగు తాళపత్రములు కలవు. అట్టి చరిత్ర గల కోటలోపల, 1915 నాటికి, ఇండ్లు క్రిక్కిఱిసి యుండెను. కొన్ని బలమైన యిండ్లు, కొన్ని శిథిలములు, కొన్ని పాడుదిబ్బలు. వాని నడుమ మెలికలు తిరిగిన సందులు. పురపాలకులకీ యిఱుకును తగ్గింపవలయునని సంకల్పము కలిగెను. సంకల్పము మంచిదే. వారు గీయించిన పటమున మాత్రము ఇండ్ల గుంపులను చీల్చుకొని పోవు తిన్నని క్రొత్త వీధులు కలవు. ఆ వీధుల దారిలో నున్న మంచి యిల్లు, చెడ్డ యిల్లు అన్న భేదము లేక కూలవలసినదే.

గెడిసు ఆ పటమును చేతబట్టుకొని సందులలో నడువసాగెను. కచేరీలో కూర్చుండి పటము గీయుట వేఱు. ఎండలో నడచి ఇల్లు ఇల్లు చూచుట వేఱు. ఏ యిల్లు గట్టిది? ఏ యిల్లు నేడో రేపో కూలును? ఏది యెవరును లేక పాడుపడిన స్థలము? ఎక్కడ బావి యున్నది? ఎక్కడ చెట్టున్నది? ఎక్కడ చిన్న గుడి యున్నది? సాయంకాలము స్త్రీలు నీటికై యే దారిని పోవుదురు? వీనినన్నిటిని పటముపై గుర్తించెను. అంతట నొక విచిత్రము బయటపడెను. పాత సందులే చాలవఱకు రాకపోకలకు సరిపోవుచున్నవి. ఒకచో మూల తిరుగుటకు వీలులేదు. అచట గోడ యొక గజము వెనుకకు జరిపిన చాలును. ఒకచో పాడిల్లును దాని ప్రక్కనున్న ఖాళీ స్థలమును కలిపినచో నొక చిన్న మైదానమగును. దానిలో రెండు చెట్లు నాటి, అరుగు కట్టినచో పిల్లలాడుకొందురు; పెద్దలు కూర్చుందురు; ఇరుప్రక్కల యిండ్లకును గాలి వీచును. ఇట్లు చోటు చోటున కొద్దికొద్దిగా తీసి, కొద్దికొద్దిగా కలిపినచో, మంచి యిండ్లలో నొక్కటియైనను పోనక్కఱలేదు. ఖర్చు లెక్క వేసిచూడగా, పురపాలకుల పద్ధతికగు సొమ్ములో సుమారు ఆఱవ వంతుతో పని తీఱునని తేలెను.

ఈ పద్ధతికి గెడిసు రక్షణపూర్వకమగు శస్త్రచికిత్స యని యర్థము వచ్చు పేరు పెట్టెను. చెడిన వ్రేలిని కోయవచ్చును. దానికై చేతిని కోయరాదు. చికిత్సకు ముందు నిదానము ఉండవలయునని యాయన పదే పదే చెప్పుచుండెను. ఇచట మన భాషయొక్క సొంపును గమనింపుడు. నిదానమనగా వైద్యశాస్త్రమున రోగకారణమును విచారించి తెలిసికొనుట. మాధవనిదానమను గ్రంథమునకా పేరందులకే వచ్చినది. లోకవ్యవహారమున నిదానమనగా తొందరపడకుండుట. వీధులు వేయువానికీ రెండు నిదానములును కావలయును.

మన దేశపు పూర్వపు పట్టణ నిర్మాణమునందు ఆయనకు గౌరవము మెండు. మధురానగరమున దేవాలయము చుట్టును ఒకదాని వెలుపల నొకటిగా చిత్తిరై, ఆవణిమూల, మాసి అను మాసముల పేర్లుగల వీధులున్నవి. ఆ యా మాసములలో నుత్సవమూర్తి యా యా వీధులలో నూరేగును. వాని నమరిక ఆయన మనస్సును మిక్కిలి యాకర్షించెను. రథము కదలవలెనన్న వీధి వెడల్పుగా నుండవలెను, గుంటలుండరాదు, ఎవరి యరుగును ముందుకు రాగూడదు. చట్టము చేయలేని పనిని రథము చేయుచుండెను. సి. పి. వేంకటరామయ్యరు ప్రాచీన దక్షిణాపథమునందలి పట్టణ నిర్మాణమును గూర్చి వ్రాసి 1916లో ప్రకటించిన యాంగ్ల గ్రంథమునకు గెడిసు పీఠిక వ్రాసెను. ముంగిట తులసికోటను చూచి, ఈ మొక్కకై నిత్యము నీళ్లు చల్లి యలికి ముగ్గుపెట్టు గృహిణియే యా యింటికి ఆరోగ్యాధికారిణియని భావించెను.

చెఱువుల విషయమునను ఆయన మాట గమనింపదగినది. దోమలు పుట్టుచున్నవని నాడు చాలచోట్ల ఊరి చెఱువులను పూడ్పించుచుండిరి. గెడిసు దానికి సమ్మతింపలేదు. చెఱువు మురికియైనచో పూడిక తీయవలెను, గట్టు కట్టవలెను, దోమ పిల్లలను తిను చేపలను పెంచవలెను, బాతులను వదలవలెను. చెఱువు పోయినచో ఊరి చల్లదనము పోవును. వాన నీరు నిలుచు చోటు పోవును. నేడు చెఱువులు పూడ్చి యిండ్లు కట్టుకొని, పెద్ద వాన కురిసినపుడెల్ల మేడమెట్లపై నిలువబడి పడవకై యెదురుచూచు నగరవాసులకు ఈ మాటయొక్క విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

1917లో లాహోరునకు పోయినపుడు ఆయనకు కలిగిన కోపము జగద్విదితము. అచటి పాతపేట నొకదానిని బాగుచేయుటకై సిద్ధపఱచిన పటమును చూడగా, మసీదులు, గుళ్లు, గురుద్వారములు, ధర్మశాలలు, సమాధులు, అంగళ్లు, ఇండ్లు అన్నియు కొట్టివేయబడి, ఒక్క పోలీసుఠాణా మాత్రము మిగిలియుండెను! తూర్పున పడమట నెన్నో పటములు చూచిన తనకు ఇట్టిది మఱియొకటి కానరాలేదని నివేదికలో వ్రాసెను. పటము గీసినవాడు దుర్మార్గుడు కాడు. అతనికి పోలీసుఠాణా యొక్కటే ప్రభుత్వపు సొత్తుగా తెలియును. తక్కిన వానిలో నేదేది యెవరికెంత విలువగలదో తెలుపువారు లేరు. తెలిసికొనవలెనన్న తలంపు అతనికిని లేదు. అజ్ఞానము చేయు చెఱుపు దుర్బుద్ధి చేయు చెఱుపుకంటె నొక్కొక్కప్పు డెక్కువగా నుండును.

ఇక ఇండోరు కథ. ఇది యాయన కథలన్నిటిలో తలమానికమైనది. 1917-18 ప్రాంతమున తుకోజీరావు హోల్కరు మహారాజు పాలనలోని ఇండోరు నగరమునకు గెడిసు ప్రణాళిక సిద్ధము చేయుచుండెను. ప్లేగు భయము నగరమున నావరించియుండెను. ఆయన చేత పటములు పట్టుకొని సందులలో తిరుగుచుండగా, జనులు ఆయనను చూచి భయపడి తొలగుటయు, తల్లులు పిల్లలను లోపలికి లాగికొనుటయు గమనించెను. వారేమనుకొనుచున్నారని సహాయుని నడిగెను. ప్లేగు తెచ్చు ముసలి దొర యితడేయని వారనుకొనుచున్నారని యతడు చెప్పెను.

మఱొక యధికారియైనచో అజ్ఞానులని జనులను నిందించి తన దారిని తాను పోయియుండును. గెడిసునకు వేఱు సంగతి తోచెను. పటము పట్టుకొని వచ్చినవాడు పోయిన పిమ్మట ఇండ్లు కూలుట వీరెఱుగుదురు. కాబట్టి వీరి భయము వెఱ్ఱిభయము కాదు. అనుభవము నేర్పిన భయము. దీనిని యుత్తరువులతో పోగొట్టలేము. ఇట్లు తలపోసి, ఒక్క దినమునకు తన్ను మహారాజుగా చేయవలసినదని సంస్థానము వారిని కోరెను. వారును సమ్మతించిరి.

అంతట దీపావళికి గొప్ప యూరేగింపు జరుగునని చాటింపు వేయించెను. ఊరేగింపు ఏ వీధిని పోవలెను? హిందువుల యుత్సవములు పోవు దారి యొకటి, మహమ్మదీయుల యుత్సవములు పోవు దారి యొకటి వాడుకలో నున్నవి. ఈ యూరేగింపు ఆ రెంటిలో దేనిని బట్టియు పోదు. ఏ వీధివారు తమ యిండ్లను ఎక్కువగా శుభ్రపఱచి, బాగుచేసికొని, సున్నము కొట్టుకొందురో ఆ వీధినే పోవునని ప్రకటించెను. చెత్తను రుసుము లేకయే బండ్లపై తోలించెదమనెను. ఇంకేమున్నది? వీధికిని వీధికిని పంతము పుట్టెను. ఇండ్లనుండియు పెరళ్లనుండియు ఆఱువేల బండ్లకు పైగా చెత్త బయటికి పోయెను. వేలకొలది యెలుకలు బోనులలో పడెను. గుళ్లు గోపురములు మరమ్మతయ్యెను. ఏ యుత్తరువు వలనను కదలని చీపురు పంతము వలన కదలెను.

పండుగనాడు ఏనుగులు, గుఱ్ఱపుదళములు, వాద్యములు వెడలెను. మురికి యనెడు రాక్షసుని బొమ్మయు, ప్లేగు తెచ్చు ఎలుక బొమ్మయు వెడలెను. అన్నిటికంటె నాశ్చర్యకరమైన దృశ్యము వీధులూడ్చు పాకీవారిది. తెల్లని మడుగు బట్టలు కట్టి, మెడలలో పూలదండలు వేసికొని, రంగులు వేసిన బండ్లతో వారు గర్వముగా నడచిరి. ఏ కులమువారి నీడ సోకినను మైలయని లోకము తొలగుచుండెనో ఆ కులమువారు నాడు రాచవీధిని దండలతో నడచుట సామాన్యమైన విషయము కాదు. ఊరి యారోగ్యమునకు నిజమైన కాపరులెవ్వరో నాడు ఊరెల్ల కన్నులార చూచెను. ఆ వెనుక లక్ష్మీదేవి. ఆపైన క్రొత్త నగరమెట్లుండునో చూపు నమూనాలు. చిన్న మట్టి పాత్రలలో తులసి మొక్కలను జనులకు పంచిరి. తుదకు మురికి రాక్షసుని తగులబెట్టి బాణసంచా కాల్చిరి. ఆ యేటి ప్లేగు అణగెను. ఋతుధర్మము కొంత, శుభ్రత కొంత దీనికి కారణములని చెప్పవచ్చును. ఇంతకుమించిన ఫలము మఱియొకటి కలదు. నాటినుండి ఆయన పటములు పట్టుకొని వీధిని పోవుచుండగా జనులు తలుపులు మూసికొనలేదు, పలుకరించిరి, తమ సందు సంగతి తామే చెప్పసాగిరి.

గెడిసును దేవునిగా చేయుట నా యుద్దేశము కాదు. ఆయన వ్రాతలు కొన్ని చిక్కుగా నుండును. ఆయన చేసిన సూచనలలో పెక్కులు కాగితములయందే నిలిచిపోయినవి. ఇల్లిల్లు చూచి చేయవలసిన పనికి ఓర్పు కావలెను. ఆ యోర్పు గల ఉద్యోగులు తక్కువ. బదిలీ యగులోపల పని ముగింపవలెనను నధికారికి తిన్నని గీతయే సులభము. గుత్తదారునకును అదియే లాభము. మఱియు అన్ని చోట్లను చిన్న కత్తి చాలదు. పెద్ద బాటలు, రైలుమార్గములు, వంతెనలు వేయవలసిన తావులలో పెద్ద కోత తప్పదు. నిప్పు పుట్టినప్పుడు మంటలార్పు బండి రాలేని సందును సందుగానే యుంచుట దయ కాదు. ఈ సంగతి ఆయనయు నొప్పుకొనినదే. కోత తప్పనిచోట మున్ముందు క్రొత్త పేట కట్టి, ఇల్లు పోవువారిని అచట చేర్చి, పిమ్మట పాత యిల్లు తీయవలెననుట ఆయన పట్టు. 1919 మొదలు కొన్నియేండ్లు బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రాచార్యుడుగా నుండి, 1932లో ఫ్రాన్సు దేశపు మాంటుపెలియే నగరమున కాలధర్మము నొందెను. మద్రాసు రాజధానిలో 1920లో పట్టణ నిర్మాణ చట్టము వచ్చుటకు ఆయన పర్యటనలు నేల దున్నియుంచెనని చెప్పుట తప్పుకాదు. ఆయన భారతదేశ నివేదికలనుండి ముఖ్యభాగములు 1947లో లండనులో పుస్తకముగా వెలువడినవి.

నేడు కాలము మాఱినది. గ్రామసభకు 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము స్థానము కల్పించినది. 2014 జనవరి 1వ తేదీనుండి అమలైన భూసేకరణ చట్టమున, నేల తీసికొనుటకు ముందు ప్రజల బ్రతుకులపై కలుగు ప్రభావమును విచారించుట, బహిరంగముగా వారి మాట వినుట యనునవి చేరినవి. రాష్ట్రములు కొన్ని పనులకు మినహాయింపులు చేసికొన్నను, విధి యొకటి యేర్పడినది. నూఱేండ్ల క్రిందట ఒక వృద్ధ పండితుడు కాలినడకన చేసిన పని నేడు చట్టపు పొత్తమున కెక్కినది. కాని చట్టము కాళ్లు లేనిది. దానిని నడపింపవలసినవారు మీవంటి పెద్దలు.

కావున మీ యూర వీధి వెడల్పు మాట వచ్చినపుడు కోపముతోగాని భయముతోగాని మొదలిడకుడు. ప్రణాళిక గీసినవాడు ఆ వీధిని తుదిముట్ట నడచెనా యని యడుగుడు. నడువనిచో చేయిపట్టి నడపింపుడు. పాడిల్లేది, మంచి యిల్లేది, బావి యేది, చెట్టేది చూపుడు. ఇల్లు పోవువాడు ఏ చోటికి, ఏ నెలలో పోవునో ముందుగా కాగితముపై చూపుమనుడు. తక్కువ కోతతో, తక్కువ సొమ్ముతో అదే పని జరుగు మార్గమున్నదేమో లెక్క వేయింపుడు. ఇది యధికారితో వైరము కాదు. అతని పనికి సాయము.

అంతటితో మన బాధ్యత తీఱదు. మన వాకిటి యరుగు వీధిలోనికి ఎన్ని మూరలు వచ్చినదో మనమెఱుగుదుము. తాతగారి నాడు నాలుగు మెట్లుండెను. తండ్రిగారి నాడు ఆఱయ్యెను. మన నాటికి మెట్ల ప్రక్క పశువుల కొట్టమును వెలసెను. వీధి వెడల్పు కావలెనని యందఱమును కోరుదుము. అది యెదుటివాని యింటివైపున జరుగవలెననియు కోరుదుము. అధికారి గీత వంకరయని నిందించుటకు ముందు మన గోడ వంకరను మనమే సరిచేసికొన్నచో, సభలో మన మాటకు బరువు హెచ్చును. ఇండోరు జనులు ఊరేగింపుకొఱకు చేసిన పనిని మనము మన పిల్లల యారోగ్యము కొఱకు చేయలేమా?

వీధి యనునది బండ్లు పోవు బాట మాత్రమే కాదు. అది తాతముత్తాతలు నడచి నడచి కూర్చిన వస్తువు. ఒకడు బావికి నడచెను. ఒకడు గుడికి నడచెను. ఒకడు పొలమునకు నడచెను. ఆ నడకలన్నియు కలసి సందయ్యెను. దానిలో వంకర కలదు, ఇఱుకు కలదు, మురికియు కలదు. వానిని దిద్దవలసినదే. దిద్దువాడు మాత్రము ముందు చెప్పులు తొడిగికొని నడువవలెను. పిమ్మట కలము పట్టవలెను.